మూతపడ్డ మున్సిపల్ ఇండోర్ స్టేడియం: తాళం తీసే ముందు వేయాల్సిన లెక్క

జాగ 2 ఎకరాల 10 గుంటలు. అందులో 40 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పున్న హాలు. రెండు పొడుగు వైపులా కలిపి 900 మంది కూర్చునే గ్యాలరీలు, ముందు భాగంలో రెండంతస్తుల బ్లాకు, రోడ్డు వైపు ఆరు మడిగెలు (దుకాణాలు). ఇనుప ట్రస్సుల (కప్పును మోసే చట్రాల) మీద సగం సిమెంటు రేకులు, సగం జీఐ (జింకు పూత ఇనుప) రేకులు. నేల నుంచి ట్రస్సు అడుగు దాకా ఎత్తు 9.5 మీటర్లు. చెక్క నేల ఉబ్బిపోయింది, కరెంటు బిల్లు బకాయి పడింది, ఏళ్లుగా తాళమే.

వరంగల్ నుంచి కరీంనగర్ మీదుగా మంచిర్యాల దాకా మున్సిపాలిటీల్లో తరచూ ఎదురయ్యే తరహా భవనాన్నే ఇక్కడ కేసుగా తీసుకున్నాం. ఊరి పేరుతో పని లేదు. కొలతలు, రూపాయలు లెక్క సులువుగా నడవడానికి గుండ్రం చేసి పెట్టినవి. పద్ధతి అలాగే ఉంచి, ఎవరి ఊరి అంకెలు వారు వేసుకోవాలి.

ఫైలులో ఎప్పుడూ కనిపించే ప్రతిపాదనలు ఐదు. ఫంక్షన్ హాలుగా వేలం వేయడం, ఏదో ఒక ఆఫీసుకు ఇవ్వడం, ధాన్యం గోదాముగా వాడటం, కూల్చేసి షాపింగ్ కాంప్లెక్సు కట్టడం, మళ్లీ ఆటలకే తెరవడం. ఇవి కాక ఆడిటోరియం అని ఒక మాట మధ్యమధ్యలో వినిపిస్తుంది. కౌన్సిల్‌లో చర్చ ఈ ఐదింటి మధ్యే తిరుగుతుంటుంది. ఇంతలో ఇంకో వానాకాలం వచ్చిపోతుంది. భవనానికి అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. కాబట్టి వాడకం ఏమిటన్నది తేలకముందే కొన్ని పనులు అయిపోవాలి.

ముందు భూమి కాగితం

స్టేడియం కట్టిన జాగ ఎవరిదన్నది మున్సిపల్ ఆస్తుల రిజిస్టరు చూసి తేల్చుకోకూడదు. తహసీల్దారు ఆఫీసులో పాత పహాణీ (సాగు, హక్కుల రికార్డు), టిప్పన్ (సర్వే కొలతల పటం) తీయించాలి. ఉత్తర తెలంగాణలో ఆటస్థలాలు, బస్టాండ్లు చాలాచోట్ల చెరువు పక్కనే వచ్చాయి. జాగ శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే భూమిలో) పడితే అమ్మకం, దీర్ఘకాలపు లీజు అన్న మాటలు అక్కడితో ఆగుతాయి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఖాళీ వదలాలి. ఉన్న భవనాన్ని బాగు చేసుకోవడం వేరు, కూల్చి కొత్తది కట్టడం వేరు. ఒక్కసారి కూల్చారంటే అదే పునాది మీద మళ్లీ లేపే అవకాశం పోవచ్చు. 'కూల్చేద్దాం' అనేవారికి ఇది ముందే చూపించాలి.

దాత ఇచ్చిన జాగ అయితే దానపత్రంలో 'క్రీడల కోసం' అన్న షరతు ఉందేమో చూడాలి. ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి లాంటి రక్షిత కట్టడాలకు దగ్గరగా ఉంటే మొదటి 100 మీటర్లలో కొత్త కట్టడం కుదరదు, ఆపై 200 మీటర్లలో అనుమతి కావాలి. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ రంగులో ఉందో టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి, వరంగల్ పరిధిలో అయితే కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) నుంచి, రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాటగా 'ఇబ్బందేం లేదు సార్' అన్నది ఫైలులో నిలవదు.

కప్పు, గట్టరు, గొట్టాలు

చెక్క నేల పాడైందని అందరూ చెప్తారు. అది ఎందుకు పాడైందో గొట్టాలు లెక్కపెడితే తెలుస్తుంది.

వాలు కలుపుకుని ఈ కప్పు విస్తీర్ణం దాదాపు 1,650 చదరపు మీటర్లు. నీళ్లు రెండు వైపులా పారపెట్ గోడ వెనకున్న గట్టరులో పడి, అక్కడి నుంచి గొట్టాల్లో దిగాలి. ఉన్నవి 100 మి.మీ. వ్యాసం గొట్టాలు, వైపుకు ఐదు, మొత్తం పది. గంటకు 100 మి.మీ. వానకు 100 మి.మీ. గొట్టం ఒక్కోటి 42.7 చ.మీ. కప్పు నీటినే దింపగలదని ప్రామాణిక పట్టిక. అంటే పది గొట్టాలూ ఆకు అడ్డం లేకుండా శుభ్రంగా ఉన్నా 427 చ.మీ.కు సరిపోతాయి, కప్పులో నాలుగో వంతుకు మాత్రమే. మిగతా నీళ్లు గట్టరు అంచు దాటి, పారపెట్ అడ్డు ఉన్నందున బయటికి పోలేక, లోపలికి గ్యాలరీ మెట్ల మీదికి దిగుతాయి. మెట్ల కింద నుంచి చెక్క నేల అడుగున ఉన్న దుంగల్లోకి చేరతాయి. పైన ఆరినట్టు కనిపిస్తుంది గాని అడుగున తడి నెలల తరబడి ఉంటుంది. చెదలు పట్టేది అక్కడే. నేలను ఎన్నిసార్లు పాలిష్ పట్టినా, కొత్త పలకలు వేసినా మూడో వానాకాలానికి అదే కథ.

గంటకు 100 మి.మీ. అన్నది ఈ ప్రాంతానికి అతిగా వేసుకున్న అంకె కాదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. పడింది. అదే వానకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. పాత రోజుల సగటు పట్టుకుని గొట్టాలు వేస్తే కుదరదు.

చేయాల్సింది: వైపుకు పది చొప్పున 160 మి.మీ. పీవీసీ గొట్టాలు, ప్రతి గొట్టం నోటికి గుమ్మటం ఆకారపు జాలీ. బల్లపరుపు జాలీ పెడితే రెండు రావి ఆకులు చాలు మూసేయడానికి. గట్టరు అడుగుకు కనీసం 200కి 1 వాలు. అన్నిటికంటే ముఖ్యం, పారపెట్‌కు ప్రతి 5 మీటర్లకు ఒక పొర్లుదారి రంధ్రం, 200 మి.మీ. వెడల్పు, 75 మి.మీ. ఎత్తు, గట్టరు లోపలి అంచు కంటే కిందికి ఉండేలా. గొట్టం మూసుకుపోయినా నీళ్లు ఊరంతా చూసేలా బయటికి దూకుతాయి తప్ప లోపలికి రావు. ఎస్టిమేట్లలో ఎక్కువగా ఎగిరిపోయే పని ఇదే, ఎందుకంటే ఖర్చు తక్కువ, కంటికి ఆనదు.

గొట్టాల్లో దిగిన నీళ్లు ఎటు పోతాయన్నది కూడా చూడాలి. గంటకు 100 మి.మీ. వానలో ఈ కప్పు నుంచే సెకనుకు దాదాపు 46 లీటర్లు వస్తాయి. వీధి మోరీ మట్టం స్టేడియం ఆవరణ కంటే ఎత్తుగా ఉంటే, రోడ్డు మీద రోడ్డు వేసిన ప్రతి ఊళ్లోనూ అలాగే ఉంటుంది, నీళ్లు వెనక్కి తంతాయి. లెవెల్ పరికరంతో మోరీ అడుగు మట్టం కొలిచి డ్రాయింగులో రాయాలి.

సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని సుత్తితో పగలగొట్టి కింద పడేయకూడదు. తడిపి, బోల్టులు కోసి, రేకు రేకుగా దించి, పాలిథిన్‌లో చుట్టి, ప్రమాదకర వ్యర్థంగా పంపాలి. పావురాల రెట్ట కూడా పొడిగా ఊడిస్తే ఊపిరితిత్తులకు చేటు. ముందు నీళ్లు కొట్టి, ఎన్-95 మాస్కులతో పారలతో ఎత్తాలి. కొత్త రేకులకు స్వయంగా తొలుచుకునే స్క్రూలు వాడితే, వాషర్లు ఈపీడీఎమ్ రబ్బరువే కావాలి. మామూలు రబ్బరు ఈ ఎండలకు ఎండి పగులుతుంది, రేకు బాగున్నా స్క్రూ దగ్గర కారుతుంది.

ఇనుము, కాంక్రీటు

వరంగల్ ఎన్ఐటీ లాంటి సాంకేతిక సంస్థతో మూడో పక్షం పరీక్షలు చేయించాలి. ఏ పరీక్ష ఎక్కడ చేయాలో మున్సిపల్ ఇంజినీరు ముందే రాసివ్వకపోతే, వచ్చినవాళ్లు చేతికందిన స్తంభాల మీద రీబౌండ్ సుత్తి కొట్టి నివేదిక ఇస్తారు. సుత్తి కాంక్రీటు పైపొర గట్టిదనమే చెప్తుంది. పాత కాంక్రీటు పైన గట్టిపడి, లోపల డొల్లగా ఉండొచ్చు. దానితో పాటు అల్ట్రాసోనిక్ పరీక్ష ఉండాలి, వేగం సెకనుకు 3 కిలోమీటర్ల కంటే తక్కువ వచ్చిన చోట కోర్ (కాంక్రీటులోంచి తొలిచి తీసే గుండ్రటి ముక్క) తీయాలి. మూడు కోర్ల సగటు, డిజైన్ బలంలో 85 శాతం దాటాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. గ్యాలరీ స్లాబు అడుగున ఫినాఫ్తలీన్ (బాగున్న కాంక్రీటును గులాబీ రంగుకు మార్చే ద్రావకం) చల్లి చూడాలి. రంగు మారని లోతు, కడ్డీ మీది కవర్ లోతుకు చేరితే తుప్పు మొదలైనట్టే లెక్క. అక్కడ కడ్డీ తుప్పును పట్టే హాఫ్ సెల్ పరీక్షలో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి వస్తే ఇక అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

ట్రస్సుల్లో మధ్య భాగం చూసి బాగుందనుకుంటారు. పోయేది గోడ మీద ఆనే చివర్లలో, గట్టరు తడి తగిలే చోట. అక్కడ రంగు గీకి మందం కొలవాలి. 65×65×6 మి.మీ. యాంగిల్‌ను (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీని) తుప్పు ఒక వైపు నుంచి 1 మి.మీ. తింటే ఆరో వంతు బలం పోయినట్టు, రెండు వైపులా తింటే మూడో వంతు.

2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ తర్వాత ఏ పగులు కనిపించినా భూకంపం ఖాతాలో వేయడం అలవాటైంది. పగులు మీద జిప్సం పట్టీ వేసి తేదీ రాసి మూడు నెలలు చూడాలి. పట్టీ పగిలితే కదులుతున్న పగులు, పునాది దాకా వెళ్లాలి. పగలకపోతే పూడ్చి ముందుకు పోవచ్చు.

ఎంతమంది పడతారన్నది తలుపు చెప్తుంది

హాలు నేల 1,280 చ.మీ. జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్కన కుర్చీలు వేస్తే మనిషికి 0.6 చ.మీ., అంటే 2,133 మంది. కరపత్రాల్లో వేసుకునే అంకె ఇదే. కానీ బయటికి వెళ్లే దారికి మనిషికి 6.5 మి.మీ. వెడల్పు కావాలి. ఉన్న తలుపులు నాలుగు, ఒక్కోటి 2 మీటర్లు, మొత్తం 8 మీటర్లు. 1,230 మందికే సరిపోతాయి. వాటిలో ఒక తలుపు వెనక విరిగిన కుర్చీలు పేర్చి స్టోరు చేశారు. ఆ తలుపును లెక్కలోంచి తీసేస్తే 6 మీటర్లు, 923 మంది. గ్యాలరీలకు మెట్ల దారి మనిషికి 10 మి.మీ. నాలుగు మెట్ల వరసలు, ఒక్కోటి 1.5 మీటర్లు, కాబట్టి 600 మంది. గోడ మీద 900 సీట్లని రాసి ఉన్నా, అనుమతించాల్సింది వైపుకు 300 మాత్రమే.

500 చ.మీ. దాటిన స్థలంలోనో, 6 మీటర్ల ఎత్తు దాటో ఉన్న, జనం చేరే భవనానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. ఈ హాలు రెండు విధాలా దాటింది. మొదటి తనిఖీలో వాళ్లు అడిగేది తలుపుల వెడల్పు, అవి బయటికి తెరుచుకుంటాయా లేదా అన్నదే. స్టోరు ఖాళీ చేయడానికి టెండరు అక్కర్లేదు, ఒక ట్రాక్టరు చాలు.

ఐదు ప్రతిపాదనలు

కూల్చివేత గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే దాని వెనక ఎప్పుడూ ఇనుము లెక్క ఉంటుంది. ట్రస్సులు, పర్లిన్లు (రేకులు బిగించే అడ్డ కమ్మీలు) చ.మీ.కు 25 కిలోల చొప్పున 40 టన్నుల తుక్కు. కూల్చే ఖర్చు తుక్కులోనే వెళ్లిపోతుందని చెప్తారు, అది నిజమే కావచ్చు. శిథిలాలు ఎక్కువైతే నిర్మాణ వ్యర్థాల నియమాల కింద ప్రణాళిక ఇవ్వాల్సి రావచ్చు, రవాణా మన నెత్తిన పడుతుంది. అసలు చిక్కు తర్వాతది: షాపింగ్ కాంప్లెక్సుకు పెట్టుబడి చేతిలో లేకుండా కూలిస్తే మిగిలేది ప్రహరీ ఉన్న ఖాళీ జాగ. దాని మీద కన్ను పడటానికి ఆరు నెలలు పట్టదు. మొదటి అంతస్తు మడిగెలకు మన పట్టణాల్లో కిరాయిదారులు దొరకరన్నది పాత కాంప్లెక్సుల పై అంతస్తులు చూస్తేనే తెలుస్తుంది.

ఆఫీసుకు ఇవ్వడం: 2016 అక్టోబర్ 11న జిల్లాలు 10 నుంచి 31కి పెరిగినప్పుడు ఈ ప్రతిపాదనకు బలం ఉండేది. అప్పుడు అద్దె భవనాల కోసం వెతుకులాట. సమీకృత కలెక్టరేట్లు కట్టాక చాలాచోట్ల పాత ఆఫీసులే ఖాళీ అయ్యాయి. 9.5 మీటర్ల ఎత్తు హాలులో ప్లైవుడ్ గదులు కట్టి గుమాస్తాలను కూర్చోబెట్టడం దండగ.

గోదాము: వానాకాలం, యాసంగి రెండు పంటల ధాన్యం వచ్చే ప్రాంతం కాబట్టి ప్రతి మూసిన తలుపు గోదాముగానే కనిపిస్తుంది. 50 కిలోల బస్తాలు ఇరవై వరసలు పేరిస్తే చదరపు మీటరుకు దాదాపు 2 టన్నుల బరువు. జనం కూర్చునే హాలు నేలకు లెక్కగట్టేది అర టన్ను. మట్టి నింపి వేసిన నేల కుంగుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, లారీ తిరగడానికి గేటు చాలదు. అత్యవసరమైతే నెల రోజులకు, అదీ ఐదు వరసలకు మించకుండా.

ఆడిటోరియం: రేకుల కప్పు కింద 14,000 ఘనపు మీటర్ల గాలి ఉంది. ధ్వనిని పీల్చే ఉపరితలం 500 చ.మీ. ఉందనుకున్నా మాట మోగడం 4.5 సెకన్లు ఉంటుంది. మాట స్పష్టంగా వినాలంటే ఒకటిన్నర సెకను లోపు ఉండాలి, దానికి ఇంకో వెయ్యి చ.మీ. ధ్వని పలకలు కావాలి. పైగా హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబర్‌లో తెరుచుకుంది. చుట్టుపక్కల పెద్ద కార్యక్రమాలు అటే పోతాయి.

ఫంక్షన్ హాలు దగ్గర నిజాయితీగా ఆగాలి, ఎందుకంటే మొదటి చూపులో డబ్బు కనిపించేది దానిలోనే. ఏడాదికి 40 పెళ్లిళ్లు, ఒక్కోటి రూ. 50,000 అంటే 20 లక్షలు. అయితే ముహూర్తాలు మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణాల్లో గుంపుగా వస్తాయి. ఆషాఢం, మూఢం రోజుల్లో హాలు ఖాళీ, జీతాలు మాత్రం ఖాళీ ఉండవు. ఒక్క పెళ్లికి ముందురోజు సాయంత్రం డెకరేషన్, పెళ్లి రోజు, మర్నాడు పొద్దున శుభ్రం చేయడం. ఇలా రెండు రాత్రుల మధ్య ఆటగాళ్లకు తలుపు మూసినట్టే. నెలలో మూడుసార్లు అలా జరిగితే నెలవారీ సభ్యులు ఉండరు. సింథటిక్ నేల మీద పప్పుచారు గుండిగ ఈడిస్తే ఆ గీత పోదు. ఏసీ, గదులు, రెండెకరాల పార్కింగు ఉన్న ప్రైవేటు హాళ్లు బైపాసు మీద వరసగా ఉన్నప్పుడు మున్సిపల్ హాలుకు వచ్చేది కిరాయి బేరమాడే బుకింగులే. రాత్రి 10 దాటాక డీజే మోగితే ఫోన్లు కమిషనర్‌కే వస్తాయి.

వేరే దేశాల్లోనూ ఇదే గొడవ. అమెరికాలో హూస్టన్ నగరపు కప్పున్న స్టేడియం ఆస్ట్రోడోమ్ 1965లో తెరిచింది, మూతపడ్డాక బాగుచేతకు 21.7 కోట్ల డాలర్ల బాండ్లు అడిగితే 2013లో ఓటర్లు వద్దన్నారు. ఆ దేశంలోనే పాంటియాక్ ఊరి సిల్వర్‌డోమ్ స్టేడియాన్ని 2009లో వేలం వేస్తే 5,83,000 డాలర్లు పలికింది, చివరికి 2017లో కూల్చారు. కెనడాలోని టొరంటోలో 1931 నాటి హాకీ స్టేడియం మేపుల్ లీఫ్ గార్డెన్స్ మాత్రం బతికింది. కింద కిరాణా సూపర్‌మార్కెట్, పైన యూనివర్సిటీ ఆటల మైదానం. ఒకే పెద్ద వాడకం కోసం ఎదురుచూడకుండా, రోజూ కిరాయి కట్టే రెండు మామూలు వాడకాలను పక్కపక్కన పెట్టారు. మన కేసుకు పనికొచ్చింది ఇదే.

గంటలు పంచడం

తెల్లారి 5 నుంచి రాత్రి 10 దాకా రోజుకు 17 గంటలు, ఏడాదికి 6,205. ఆటకు జనం వచ్చేది పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 10. ఇవి 3,285 గంటలు. మిగతా 2,920 గంటలు, పగటి పూట, ఏ ఆటగాడూ రాడు. స్టేడియాలు మూతపడేది ఈ పగటి గంటల్లో కూడా జీతాలు, కరెంటు నడుస్తూ రూపాయి రాకపోవడం వల్లే. వార్డు కమిటీలను 'మీకేం కావాలి' అని అడిగితే 'మల్టీపర్పస్' అంటారు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది. వాళ్ల చేతికి గంటలవారీ కార్డు ఇచ్చి, మీ ఇంట్లో ఎవరు ఏ గంటకు వస్తారు, నెలకు ఎంత కడతారు అని రెండే ప్రశ్నలు అడగాలి. అప్పుడు పగటి గంటలకు ఒక్క జవాబే గట్టిగా వస్తుంది: పోటీ పరీక్షలకు చదివేవాళ్లు. హనుమకొండలో స్టడీ హాళ్లు వీధివీధికీ ఎందుకున్నాయో మిగతా పట్టణాల్లోనూ అదే కారణం. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లకు ఇంట్లో జాగ ఉండదు.

స్టడీ హాలును గ్యాలరీ కింది గదుల్లో పెట్టొద్దు. నెత్తిన మెట్లు దబదబలాడతాయి, పక్కన కబడ్డీ కూత వినపడుతుంది. ముందు బ్లాకు మొదటి అంతస్తులో వీఐపీ లాంజ్, పాత ఆఫీసు కలిపితే 260 చ.మీ. సీటుకు 2 చ.మీ. లెక్కన 130 మంది. చదువుకునే గదికి చ.మీ.కు 3 నుంచి 4 కిలోన్యూటన్ల బరువు చూడాలి. పుస్తకాల రాకుల గదికి 6, ఎత్తు పెరిగితే ఇంకా ఎక్కువ. అందుకని రాకులన్నీ కింది అంతస్తులోనే ఉండాలి.

హాలులో మూడు వరసలు రెండేసి చొప్పున ఆరు షటిల్ కోర్టులు. కోర్టు 13.4 మీటర్లు, 6.1 మీటర్లు. మధ్య 2 మీటర్లు వదిలితే 40 మీటర్ల పొడవులో 26.3 మీటర్లు పడుతుంది. పది కోర్టులు ఇరికించొచ్చు, గీతలు కూడా పడతాయి. కానీ పక్క కోర్టు కాక్ తెచ్చుకోబోయి మోకాళ్లు విరగ్గొట్టుకుంటారు. మిగిలిన 13.7 మీటర్ల పట్టీలో 13×10 కబడ్డీ మ్యాటు, దాని వెనక నాలుగు టేబుల్ టెన్నిస్ బల్లలు. 9.5 మీటర్ల ఎత్తు జిల్లా స్థాయి షటిల్‌కు సరిపోతుంది. అంతర్జాతీయ పోటీలకు 12 మీటర్లు కావాలి, ఆ ఆశ పెట్టుకోవద్దు.

పాత చెక్కంతా తీసేసి, కాంక్రీటు తేమ చూడాలి. అరమీటరు పాలిథిన్ ముక్క నాలుగు వైపులా టేపు అతికించి ఒక రాత్రి, కనీసం 16 గంటలు వదలాలి. అడుగున చెమ్మ గాని, కాంక్రీటు నలుపెక్కడం గాని కనిపిస్తే సింథటిక్ నేల అప్పుడే వేయకూడదు. జిగురు పట్టదు, బుడగలు లేస్తాయి. తేమ అడ్డుపొర వేసి, మళ్లీ చూసి, అప్పుడు.

లైట్లు: 300 లక్స్ వెలుగుకు 200 వాట్ల ఎల్ఈడీలు 32, టోర్నమెంటుకు 500 లక్స్ కావాలంటే 52. స్విచ్‌లు కోర్టువారీగా విడదీయాలి. లైటు కోర్టు నెత్తిన కాకుండా పక్కల వరసలో ఉండాలి, లేకపోతే స్మాష్‌కు తలెత్తిన ప్రతిసారీ కళ్లు చెదురుతాయి. పాత 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపాల కాలంలో తీసుకున్న 150 కేవీఏ ఒప్పంద డిమాండు (కరెంటు సంస్థతో రాసుకున్న గరిష్ఠ లోడు) ఇక అక్కర్లేదు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌లో వాడినా వాడకపోయినా ఒప్పందంలో 80 శాతానికి, అంటే 120 కేవీఏకి, డిమాండు చార్జీ పడుతుంది. మూసి ఉన్న ఏళ్లలో బకాయి పేరుకున్నది ఇలాగే. ఉత్తర తెలంగాణ కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో బకాయి తేల్చుకుని, లోడు తగ్గింపు దరఖాస్తు పెట్టడం మొదటి నెల పని.

రూపాయలు

ఏడాది ఖర్చు: ఏడుగురు ఔట్‌సోర్సింగ్ సిబ్బంది, మనిషికి పీఎఫ్, ఈఎస్ఐ, ఏజెన్సీ కమీషన్‌తో నెలకు రూ. 18,000 చొప్పున 15.12 లక్షలు. కరెంటు 6 లక్షలు, మరమ్మతులు 6 లక్షలు, పదేళ్లకు నేల మార్చడానికి విడిగా దాచే నిధి 5 లక్షలు. మొత్తం 32.12 లక్షలు.

రాబడి: కోర్టులు 55 శాతం నిండి, గంటకు రూ. 150 చొప్పున 16.26 లక్షలు. 120 మంది పిల్లల కోచింగు, నెలకు రూ. 600, పదకొండు నెలలకు 7.92 లక్షలు. స్టడీ హాలు నెలకు రూ. 400, 70 శాతం నిండితే 4.37 లక్షలు. ఆరు మడిగెలు రూ. 6,000 చొప్పున 4.32 లక్షలు. ఫంక్షన్లను హాలులోకి రానివ్వకుండా వెనక ఖాళీ జాగలో, విడి గేటు, విడి వంటశాలతో ఇస్తే 25 బుకింగులకు రూ. 15,000 చొప్పున 3.75 లక్షలు. మొత్తం 36.62 లక్షలు.

కాగితం మీద నాలుగున్నర లక్షల మిగులు. దాన్ని నమ్మి తీర్మానం చేస్తే రెండో ఏడే తాళం పడుతుంది. మొదటి ఏడాది ఎంత బాగా నడిపినా 60 శాతమే వస్తుందని పెట్టుకోవాలి, అంటే 22 లక్షలు. లోటు 10 లక్షలు. ఈ 10 లక్షలు సాధారణ నిధి నుంచి ఇస్తామని తెరిచే తీర్మానంలోనే రాయాలి. కప్పు, నేల, లైట్ల పెట్టుబడికి దాతలు, సీఎస్ఆర్, ఆర్థిక సంఘం నిధులు, గని ప్రాంతాల్లో జిల్లా ఖనిజ నిధి ఏదో ఒకటి దొరుకుతుంది. వాచ్‌మన్ జీతానికి ఎవరూ గ్రాంటు ఇవ్వరు.

అన్నీ ఒకేసారి తెరవొద్దు. కప్పు, గొట్టాలు మే నెలాఖరుకు పూర్తి. ఆ వానాకాలమంతా హాలు ఖాళీగా ఉంచి ఎక్కడ కారుతుందో చూడాలి. అదే సమయంలో స్టడీ హాలు, మడిగెలు నడవొచ్చు. దసరా తర్వాత నేల, లైట్లు. నేలను జూన్‌కు ముందే వేసి ప్రారంభోత్సవం చేయాలన్న ఒత్తిడి వస్తుంది. కప్పు వాన చూడకముందు నేల వేయడం అంటే ఆ బిల్లు రెండుసార్లు కట్టడమే.

ఎవరి చేతిలో తాళంచెవి

నిర్వహణను ఏజెన్సీకి ఇస్తే కాలం మూడేళ్లు. ఎక్కువ గుడ్‌విల్ పాడినవారికి ఇచ్చే పాత వేలంపాట పద్ధతి ఇక్కడ బెడిసికొడుతుంది. పాడింది రాబట్టుకోవడానికి అతను మొదట చేసేది హాలులో రిసెప్షన్లు పెట్టడం. అందుకే రుసుములు కౌన్సిల్ ఖరారు చేసి, ఏజెన్సీ అడిగే నిర్వహణ రుసుము ఎవరిది తక్కువైతే వారికి ఇవ్వాలి. హాలులో వంట, భోజనం, కుర్చీల సభ ఒక్కసారి జరిగినా ధరావతులో కోత, మూడోసారికి ఒప్పందం రద్దు. పొద్దున 6 నుంచి 8 దాకా రెండు కోర్టులు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఉచితం. ఈ షరతు పెట్టకపోతే ఏడాదిలో స్టేడియం డాక్టర్ల, కాంట్రాక్టర్ల క్లబ్బవుతుంది. బుకింగు ఆన్‌లైన్‌లోనే, నగదు లేదు.

వరదల్లో ఈ హాలు పునరావాస కేంద్రం అవుతుంది. మనిషికి 3.5 చ.మీ. లెక్కన 365 మందికి చోటు. 30 మందికి ఒకటి చొప్పున 13 మరుగుదొడ్లు కావాలి, ఉన్నవి ఎనిమిది. మిగతా ఐదు గ్యాలరీ కింద ఇప్పుడే కట్టాలి. గొట్టం లైను వేసేటప్పుడైతే ఖర్చు సగం.

ఎన్నికలకు భవనం తీసుకునే అధికారం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షన్ ఇస్తుంది, దాన్ని ఆపలేం. ఆపకూడదు కూడా. స్ట్రాంగ్ రూమ్ పెట్టారంటే వారాల తరబడి హాలు పోతుంది. కాబట్టి అప్పగించే రోజు నేల, లైట్లు, తలుపులు ఫొటోలతో పంచనామా, తిరిగి తీసుకునే రోజు మరో పంచనామా జరగాలి. నేలకు మేకు కొట్టకుండా బారికేడ్ల కింద ప్లైవుడ్ పరవాలని అప్పగింత లేఖలోనే ఉండాలి. పోయిన రోజులన్నీ సభ్యుల గడువుకు కలపాలి. తాళంచెవులు రెండే, ఒకటి ఏజెన్సీ దగ్గర, ఒకటి మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) పేరు మీద రిజిస్టరులో. మూడోది చేయించినట్టు తేలితే తాళమే మార్చి, ఖర్చు చేయించినవారి నుంచి రాబట్టాలి.